బండి దిగేముందు చెప్పాల్సినవి

ముప్పై ఏళ్లుగా నేను బండి ఎక్కుతూ వచ్చాను. కిందికి దిగి కూర్చోవాల్సిన బండిని మాత్రం మొన్నటి చలికాలంలోనే చూశాను.

మా బండి డంపర్. ఓపెన్‌కాస్ట్ గనిలో మట్టి, బొగ్గు మోసేది. దాని టైరు నాకంటే ఎత్తు. క్యాబిన్‌లోకి పోవాలంటే ముందువైపు ఇనుప నిచ్చెన ఎక్కాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండేసి మెట్లు ఎక్కేవాణ్ని. ఇప్పుడు సగం ఎక్కాక ఆగి, టైరు చూస్తున్నట్టు నటించి, ఊపిరి తీసుకుని మిగతా సగం ఎక్కుతాను. కింద నిలబడ్డవాళ్లు నేను చాలా జాగ్రత్త గల మనిషిననుకుంటారు.

ఆ చలికాలమంతా నా చొక్కా జేబులో ఒక కాగితం తిరిగింది. మా దగ్గరి సంగతులు తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. గనిలో పనిచేసే మనిషి ఇక పనికిరాడని మెడికల్ బోర్డు తేలిస్తే, అతని ఉద్యోగం ఇంట్లో ఒకరికి వస్తుంది. కొడుక్కైనా సరే, కూతురికైనా సరే. సర్వీసు మరీ చివరికొచ్చాక దరఖాస్తు పెట్టుకోవడానికి వీలుండదు. నాకు ఇంకో నెల గడువుంది. కాగితంలో నా వివరాలన్నీ నింపాను. అడుగున ఒక్క గీత ఖాళీగా ఉంది. అక్కడ నా బిడ్డ సంతకం పెట్టాలి.

నాకు ఒక్కతే బిడ్డ. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివింది. హైదరాబాదు అవతల, రింగురోడ్డు దాటాక, ఒక విదేశీ స్పోర్ట్స్ కార్ల కంపెనీ వాళ్ల డ్రైవింగ్ ఎక్స్‌పీరియన్స్ సెంటర్లో పని చేస్తుంది. అక్కడ కార్లు అమ్మరు, రిపేర్లు చెయ్యరు. ఆ కారు కొన్నవాళ్లు, కొనబోయేవాళ్లు, జన్మలో కొనలేకపోయినా ఒక్క పూట నడిపి చూడాలనుకునేవాళ్లు వస్తారు. మా బిడ్డ వాళ్ల పక్క సీట్లో కూర్చుని ఎట్లా నడపాలో చెబుతుంది. సరదాకి బండి నడపడం కోసం జనం అంత దూరం వస్తారంటే మా షిఫ్టులో ఎవరూ నమ్మలేదు. "మన దగ్గరికి తోలియ్యి, మూడు షిఫ్టులు నడిపిద్దం" అన్నాడొకతను.

ఆమెది కాంట్రాక్టు పని. ఏడాదికోసారి మళ్లీ రాసిస్తారు. మా ఆవిడకు ఫికరు పట్టుకోవడానికి ఆ ఒక్క మాట చాలు. సెంటినరీ కాలనీలో మా క్వార్టరు, కంపెనీ దవాఖాన, నెల తిరిగేసరికి తప్పకుండా వచ్చే జీతం, ఇవన్నీ నాతోపాటే వెళ్లిపోతాయని ఆమె భయం. ఆ భయాన్ని తప్పు పట్టలేను. ఆమె పుట్టిల్లు కొత్తగూడెంలో, అదీ గని ఇల్లే. కంపెనీ లేని బతుకు ఎట్లా ఉంటుందో ఆమె ఎన్నడూ చూడలేదు.

ఫోనులో ఈ సంగతి ఎత్తినప్పుడు బిడ్డ, "నువ్వు గూడ మొదలువెట్టినవా బాపు?" అంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. అయినా ఆమెను ఏమనను? మా కాలనీలో నడుము నొప్పికి ఒక వయసుంది. నిన్నటిదాకా వాలీబాల్ ఆడిన మనిషి, దరఖాస్తు టైము రాగానే గోడ పట్టుకుని నడుస్తాడు. పిల్లలు అది చూసి నవ్వుకుంటూ పెరుగుతారు. నా బిడ్డా అట్లాగే పెరిగింది. నా కర్మ ఏమిటంటే, నా నడుము నిజంగానే పోయింది. పోతున్నప్పుడు చెప్పలేదు. పిల్ల చదువుకుంటోందని దాచాను, చదువు అయ్యాక ఉద్యోగం వెతుక్కుంటోందని దాచాను. చొక్కా లోపల బెల్టు కట్టుకుని తిరిగాను. అవసరం వచ్చినప్పుడు బయటపెట్టిన నొప్పిని నాటకమని కాక ఏమంటారు?

అంతలో ఆమె పనిచేసే చోట కుటుంబ దినం వచ్చింది. పనివాళ్ల ఇంట్లోవాళ్లను పిలిచి, అంతా చూపించి, కారు కూడా నడపనిస్తారట. "నువ్వు రా బాపు. నేను చేసే పనేందో ఒక్కసారి చూడు. చూసినంక ఏదంటె అదే" అంది.

మా గనిలోనూ ఏటా ఒకరోజు కుటుంబాలను తీసుకెళ్లి చూపించేవాళ్లు. ఎనిమిదేళ్లప్పుడు ఆమె నా చెయ్యి విడిపించుకుని డంపర్ నిచ్చెన ఎక్కేసింది. నా ఒడిలో కూర్చుని హారన్ నేర్చుకుంది. ఇంజను స్టార్టు చేసేముందు ఒకటి, ముందుకు కదిలేముందు రెండు, వెనక్కి పోయేముందు మూడు. ఆ తర్వాత వారం రోజులు ఇంట్లో వంటింట్లోంచి ముందుగదిలోకి రావాలన్నా నోటితో రెండు హారన్లు కొట్టి వచ్చేది. ఆ పిల్ల పిలిస్తే పోకుండా ఎట్లా ఉంటాను? పోదామనుకున్నాను. కాగితం కూడా పెట్టుకున్నాను.

మా ఆవిడ మోకాళ్ల వల్ల రాలేనంది. సకినాలు డబ్బాలో సర్ది, గుమ్మం దాకా వచ్చి, "సంతకం పెట్టించుకోని రా. ఉత్త చేతులతోని రాకు" అంది.

తెల్లవారే రామగుండంలో రైలెక్కాను. ముందురోజు సెకండ్ షిఫ్టు చేసి వచ్చినవాణ్ని, కళ్లు మండుతున్నాయి. సీటు దొరికింది కానీ కూర్చోవడమే నాకు కష్టం. నిలబడితే కాలు తిమ్మిరి, కూర్చుంటే నడుము. కాసేపు కూర్చుని, కాసేపు తలుపు దగ్గర నిలబడి, మొత్తానికి సికింద్రాబాదు చేరాను. ప్రయాణం పొడుగునా ఒక్కటే అనుకున్నాను. పిల్ల ఎదుట చెయ్యి నడుము మీద పెట్టకూడదు. పెడితే మళ్లీ నాటకం అనుకుంటుంది.

బిడ్డ స్టేషనుకు వచ్చింది. కంపెనీ యూనిఫాం వేసుకుని, జుట్టు ముడేసుకుని, ఎవరో పెద్ద ఉద్యోగిలా ఉంది. నా సంచీ లాక్కుని "బక్కగైనవేంది బాపు" అంది. వాళ్ల వ్యాను ఎక్కి పోయాం.

ఆ సెంటర్ లోపల నేల తెల్లగా, మొహం కనిపించేంత నున్నగా ఉంది. నా చెప్పులు గుమ్మం బయట విడిచేశాను. ఇక్కడ విడవాల్సిన పని లేదని బిడ్డ మళ్లీ తొడిగించింది. గోడలన్నీ అద్దాలు. అద్దాల అవతల నల్లటి ట్రాకు, మెలికలు తిరిగి, దాని మీద ఒక్క రాయి గానీ దుమ్ము గానీ లేదు. మా గని రోడ్డు మీద రోజంతా నీళ్ల ట్యాంకరు తిరిగినా అణగని దుమ్ము గుర్తొచ్చింది. ఇంత మంచి రోడ్డు ఎక్కడికీ పోకుండా తిరిగి ఇక్కడికే వస్తుందని తెలిసి నాకు నవ్వొచ్చింది. నిజానికి మా రోడ్డూ అంతే. బొగ్గు దగ్గర మొదలై, లోడు పోసే కుప్ప దగ్గరికి పోయి, మళ్లీ బొగ్గు దగ్గరికే వస్తుంది. ముప్పై ఏళ్లలో నేను ఏ ఊరికీ చేరలేదు.

ముందు అందరినీ కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పారు. తర్వాత గొట్టంలో ఊదించారు, తాగి వచ్చామేమోనని. మిగతా కుటుంబాలవాళ్లు మొహమాటపడ్డారు. నేను మాత్రం వరసలో ముందుకు పోయి ఊదాను. రోజూ డ్యూటీకి ముందు ఊదేవాణ్నే కదా. ఆ సెంటర్లో నాకు తెలిసిన వస్తువు అదొక్కటే.

అప్పుడు బిడ్డ కారు దగ్గరికి తీసుకుపోయింది. పండుమిరప రంగు. నా నడుము దాకా ఉంది, అంతే. నాకు తెలియకుండానే కారు చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. నాలుగు టైర్లనూ కాలితో తట్టి, వంగి కింద చూశాను. గనిలో ఇది చెయ్యకుండా ఎవరూ బండెక్కరు. డంపర్ నీడలో మనిషి పడుకుని ఉండొచ్చు. ఈ కారు కింద పిల్లి కూడా పట్టదని వంగాక గానీ తోచలేదు. సిగ్గుపడి లేచేసరికి, పక్క కారు దగ్గర మరో ఇన్‌స్ట్రక్టరు కుర్రాడు కూడా టైర్లు తడుతూ చుట్టూ తిరుగుతున్నాడు. వాళ్లంతా అట్లాగే చేస్తున్నారు.

"నేనే అంటించిన బాపు. మొదట్ల అందరు నవ్విన్రు. ఒకరోజు కిందికెల్లి పెద్ద ఇనుప మొల దొరికింది. గప్పటిసంది ఎవరు నవ్వరు" అంది బిడ్డ.

నేను ఇంకోసారి టైరు తట్టి తలుపు తీశాను.

ఎక్కడం అనుకున్నాను గానీ అది ఎక్కడం కాదు. ముందు కాలు లోపల పెట్టి, తల వంచి, తర్వాత ఒళ్లంతా కిందికి జారవిడవాలి. జారాను. నడుము దగ్గర ఎముక మీద ఎముక పడ్డట్టయింది. వాళ్లు నా తలకు పెట్టిన హెల్మెట్ ఉంది కాబట్టి మొహం కనపడలేదు. తాళం పెట్టే పని లేదు, మీట నొక్కితే చాలన్నారు. నేను మీట నొక్కేముందు ఒక హారన్ కొట్టాను. ఇంజను లేచాక రెండు కొట్టాను. అద్దాల వెనక కాఫీ తాగుతున్నవాళ్లందరూ ఇటు తిరిగారు. పక్క సీట్లో నా బిడ్డ నవ్వలేదు. "కదులు బాపు" అంది, అంతే.

మొదటి పాఠం బ్రేకు. ఒక పొడుగాటి రోడ్డు చివర ఎర్ర టోపీల్లాంటివి వరసగా నిలబెట్టారు. వేగంగా పోయి, వాటి దగ్గరికి రాగానే బ్రేకును ఉన్న బలమంతా పెట్టి తొక్కాలి. కారు ఎంత బాగా ఆగుతుందో చూడటానికి.

పోనిచ్చాను. సీటు వీపును నెట్టింది. గనిలో మా వేగం సైకిలుకు కొంచెం ఎక్కువ, అంతే. అయినా భయం వెయ్యలేదు. "తొక్కు" అంది బిడ్డ. నా కాలు బ్రేకు మీదికి పోయింది గానీ తొక్కలేదు. మెల్లగా, మెల్లగా నొక్కింది. ఆ టోపీలు ఇంకా చాలా దూరం ఉండగానే కారు బుద్ధిగా ఆగిపోయింది.

రెండోసారీ అంతే.

"ఏమైంది బాపు? భయమైతుందా?"

"లోడున్నది గద బిడ్డ" అనేశాను.

లోడుతో ఉన్న డంపర్‌కు ఒక్కసారి బ్రేకు తొక్కితే వెనక ఉన్న కొండంత మట్టి మన మీదికి వస్తుంది. అందుకే దూరం నుంచే వేగం చంపుకుంటూ రావాలి. ముప్పై ఏళ్లు కాలికి ఇదే నేర్పాను. ఇప్పుడు వద్దంటే అది వినడం లేదు.

బిడ్డ వెనక్కి చెయ్యి చూపించింది. "ఎనుక సీటే లేదు బాపు. ఖాళీ బండి. ఏం మీద పడది. తొక్కు."

మూడోసారి తొక్కాను. కారు పాతేసినట్టు ఆగింది. బెల్టు భుజాలను పట్టుకుంది. నడుములోంచి మడమ దాకా కరెంటు తీగ లాగినట్టు నొప్పి దిగింది. ఆమె చప్పట్లు కొట్టింది. "మస్తున్నది" అన్నాను. ఇంకో మాట అనడానికి ఊపిరి రాలేదు.

ఆమె అటునుంచి చుట్టి వచ్చేలోపే తలుపు పట్టుకుని ఎట్లాగో బయటపడి, పక్క సీట్లోకి మారాను. తర్వాత ఆమె రెండు చుట్లు నడిపింది. అసలు నేను రాసుకోవాలనుకున్నది ఆ రెండు చుట్ల గురించే. మలుపు రాకముందే ఆమె చూపు మలుపు అవతలికి పోయేది. చేతులు తొందరపడలేదు. ఎక్కడ వేగం తగ్గించిందో, ఎక్కడ వదిలిందో నాకు లెక్క అందలేదు గానీ, పని తెలిసిన చెయ్యి ఏదో నాకు తెలుసు. అది ఏ బండి మీద ఉన్నా తెలుస్తుంది. పెదవులు బిగించి, లోపల మాత్రం ఎంతో నిమ్మళంగా ఉంది. ఈ మొహం నేను ఎనిమిదేళ్ల పిల్లలో చూశాను, డంపర్ క్యాబిన్‌లో. ఈ పిల్లను గని రోడ్డు మీద కూర్చోబెడితే ఎట్లా ఉంటుందని ఆలోచించాను. అదే దారి, అదే దుమ్ము, రోజుకు అవే చుట్లు. నాకు దుఃఖం వచ్చింది. జేబు మీద చెయ్యి పెట్టి చూసుకున్నాను. కాగితం ఉంది.

కారు ఆగింది. ఆమె చటుక్కున దిగి నా వైపు తలుపు తీసింది.

నేను దిగలేకపోయాను.

మొదట ఒక కాలు బయట పెట్టాను. రెండోది రాలేదు. చేతులు ఆనించి లేవబోతే నడుము పట్టేసింది. ముందుకూ లేదు, వెనక్కూ లేదు. బిడ్డ నవ్వుతూ, "అందరికి గట్లనే అయితది బాపు, పక్కకు ఒంగి లే" అంది. ఒంగలేదు. "లే బాపు, ఎనుక మందున్నరు" అంది. అప్పటికీ లేవకపోయేసరికి ఆమె గొంతులో చిరాకు వినిపించింది. ఆమె ఏమనుకుంటోందో నాకు తెలుసు. కాగితం కోసం ఇక్కడ కూడా మొదలుపెట్టాడనుకుంటోంది.

"నిజంగనే లేవస్తలేదు బిడ్డ" అన్నాను.

నా హెల్మెట్ తీసింది. నా మొహం నిండా చెమట, చలికాలంలో. ఆమె కింద మోకాళ్ల మీద కూర్చుని నా రెండో కాలు చేత్తో ఎత్తి బయట పెట్టింది. చంకల కింద నుంచి వీపు చుట్టూ చేతులు వేసి, తన బరువంతా వెనక్కి వేసి నన్ను పైకి లాగింది. అట్లా లాగినప్పుడు ఆమె వేళ్లకు చొక్కా కింద బెల్టు తగిలింది. గట్టి బెల్టు, వెనక ఇనుప పట్టీలున్నది. ఆమె చేతులు అక్కడే ఆగిపోయాయి.

ట్రాకు పక్కన నీడలో ఒక బెంచీ ఉంటే దాని మీద పడుకోబెట్టింది. నీళ్లు తెచ్చింది.

"ఎప్పటిసంది కట్టుకుంటున్నవు గిది?"

"నువ్వు కాలేజీల చేరిన యేడు."

ఆమె వేళ్లు లెక్కపెట్టలేదు. తల పక్కకు తిప్పుకుని ఏడ్చింది, శబ్దం లేకుండా. మళ్లీ ఇటు తిరిగి చెయ్యి చాపింది. "కాయిదం ఇయ్యి బాపు. సంతకం పెడ్త."

దాని కోసమే వచ్చాను. ఆమె పెన్ను కూడా తీసింది. నేను జేబులోంచి కాగితం తీసి, ఇవ్వకుండా చేతిలోనే పట్టుకున్నాను. ఎందుకో చెప్పాలంటే నా రిలీవరు గురించి చెప్పాలి.

షిఫ్టు అయ్యాక నా బండి తీసుకునేవాడు నా రిలీవరు. పదిహేనేళ్లుగా ఒకడే. వారం వారం షిఫ్టులు మారినా మా వరస మారలేదు. అతను వాళ్లింట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడతాడు, నాతో తెలుగు. ఒకరినొకరం భాయ్ అనే పిలుచుకుంటాం. అతను నిచ్చెనెక్కి క్యాబిన్ తలుపు దగ్గరికి వచ్చి, "ఏమన్న ఉన్నదా భాయ్?" అంటాడు. నేను బండికి ఉన్న లోపాలన్నీ చెప్పాలి. అతను ఒక్కోటి తిరిగి చెప్పాలి, విన్నట్టు గుర్తుగా. అన్నీ విన్నాక "తీస్కుంట" అనొచ్చు, "తీస్కోను" అనొచ్చు. తీసుకోనంటే ఆ బండి షెడ్డుకు పోవాల్సిందే. ఎంత పెద్ద ఇంజనీరు వచ్చి చెప్పినా రిలీవరు మాటకు తిరుగులేదు. ఈ పద్ధతి మీదే మా ప్రాణాలు నడుస్తాయి.

ఒకే ఒక్కసారి నేను చెప్పకుండా దిగాను. బ్రేకు కాస్త ఆలస్యంగా పట్టుకుంటోందని నాకు తెలుసు. నైట్ షిఫ్టు చేసి ఒళ్లు హూనమై ఉన్నాను. చెబితే షెడ్డుకు తీసుకుపోవాలి, రాసివ్వాలి, ఇంకో గంట. "ఏం లేదు" అని దిగిపోయాను. ఆ పొద్దున అతని బండి కుప్ప అంచున ఆగకుండా వెనక్కి జారి, మట్టికట్టను గుద్దుకుని నిలబడింది. ఆ కట్ట ఇంకో జానెడు తక్కువైతే అతను లేడు. ఎవరికీ ఏమీ కాలేదు. అతను నా మీద ఫిర్యాదు చెయ్యలేదు. వారం తర్వాత చాయ్ తాగుతూ, "చెప్పి దిగితే ఏం పోవు భాయ్ నీది?" అన్నాడు. ఇప్పటికీ చాయ్ గ్లాసు పట్టుకుంటే ఆ మాట వినిపిస్తుంది.

నా బిడ్డకు నేను క్వార్టరు చెప్పాను, దవాఖాన చెప్పాను, జీతం చెప్పాను. లోపాలు చెప్పలేదు. దాచిన నొప్పిని చూసి ఆమె దిగులుతో సంతకం పెడుతోంది.

"ముందు విను. అటెన్క పెట్టు" అన్నాను.

పడుకునే చెప్పాను. నడుము సంగతి చెప్పాను, అది గుంటల రోడ్డు మీద రోజూ కొంచెం కొంచెం పోయిందని, ఒక్కరోజులో కాదని. ఎడమ చెవి వినపడదని చెప్పాను. "అందుకే ఫోన్ల నువ్వు చెప్పింది సగం ఇనలే, ఊ అన్న." నైట్ షిఫ్టుల్లో కళ్లు తెరిచే నిద్రపోయి ఒక చుట్టు మొత్తం తిరిగి వచ్చానని, ఎట్లా వచ్చానో ఇప్పటికీ తెలియదని చెప్పాను. పదో తరగతిలో ఆమెకు బహుమతి ఇచ్చిన రోజు డ్యూటీ ఉందన్నాను గానీ పోలేదు, ఇంట్లోనే ఉన్నానని, లేవలేక రాలేదని చెప్పాను. అది చెప్పాలనుకోలేదు, వచ్చేసింది. భాయ్ బ్రేకు సంగతి చెప్పాను. అది మా ఆవిడక్కూడా తెలియదు.

ఆమె మొదట ఊరికే విన్నది. తర్వాత, చిన్నప్పుడు క్యాబిన్ దగ్గర ఎన్నిసార్లు చూసిందో గానీ, ఒక్కోటి తిరిగి చెప్పసాగింది. "నడుం పోయింది. ఎడమ చెవి ఇనపడది. నిద్రల నడిపినవు." బహుమతి సంగతీ వదలకుండా చెప్పింది. "ఇంట్లనే ఉన్నవు. లేవరాలే."

"గంతేనా?" అంది చివరికి.

"గంతే. మంచియి ఇదివరకే చెప్పిన."

ఎవరిదో కారు బ్రేకు పాఠం దగ్గర కీచుమని ఆగింది. ఆమె పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకుంది.

"నేను తీస్కోను బాపు" అంది. మెల్లగా, కళ్లలోకి చూసి అంది. "నువ్వు గూడ దిగు. గీ నడుంతోని ఎన్నొద్దులు ఎక్కుతవు?"

బాధ కలగలేదంటే అబద్ధం. క్వార్టరు కళ్ల ముందు తిరిగింది, మా ఆవిడ మొహం తిరిగింది. అయినా రిలీవరు మాటకు తిరుగులేదు. కాగితం మడిచి పెట్టుకున్నాను. సకినాలు తిన్నాం. సాయంత్రం రైలు దాకా వచ్చి, కింది బెర్తు వాళ్లను బతిమాలి ఆ బెర్తు నాకు ఇప్పించి, నేను పూర్తిగా పడుకున్నాక గానీ దిగలేదు.

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు వేడినీళ్ల సంచి తెచ్చి నడుము కింద పెట్టి, "పోరికి బెల్టు ఎందుకు సూపెట్టినవు?" అంది. సూపెట్టలేదని, దొరికిపోయానని చెప్పాను. ఆమె పక్కకు తిరిగి పడుకుంది. ఆ నెల గడువు అట్లాగే వెళ్లిపోయింది.

నేను మళ్లీ డ్యూటీకి పోయాను. దిగు అంది బిడ్డ. దిగి ఎక్కడికి పోవాలి? ఎప్పటిలాగే ఫస్ట్ షిఫ్టు చేశాను. లోడుకు పోయాను, కుప్ప దగ్గర వదిలాను, మళ్లీ లోడుకు పోయాను. మధ్యాహ్నం మూడు గంటలకు బండి నిలబెట్టాను. భాయ్ నిచ్చెనెక్కి వచ్చి, తలుపు పట్టుకుని, పదిహేనేళ్లుగా అడుగుతున్న మాటే అడిగాడు.

"ఏమన్న ఉన్నదా భాయ్?"

"బండికేం లేదు" అన్నాను. ఎప్పుడూ అక్కడితో ఆపేవాణ్ని. "నా నడుం పోయింది భాయ్. ఏడెనిమిదేండ్లయింది. ఇగ దిగుడు ఎక్కుడు నాతోని అయితలేదు."

అతను నా మొహం చూశాడు, సీటు వెనక ఆనించిన దిండు చూశాడు. తర్వాత, పద్ధతి ప్రకారం, నేను చెప్పింది తిరిగి చెప్పాడు.

"నడుం పోయింది. ఏడెనిమిదేండ్లయింది. దిగుడు ఎక్కుడు అయితలేదు." అక్కడితో ఆపకుండా, "రేపు నేను గూడ వస్త ఇంజనీరు తాన్కి. కింద పనేదన్న అడుగుదం" అన్నాడు.

అతను లోపలికి రాలేదు. నిచ్చెన మీద నాకంటే ఒక మెట్టు కిందికి దిగి నిలబడి, చెయ్యి పైకి చాపాడు.